పిల్లికి వైరస్ టెస్ట్: ఏది చేయించాలి, ఎప్పుడు చేయించాలి, గీత ఎలా చదవాలి

"అక్కా, కిట్ నెగటివ్ వచ్చింది, ఇక భయం లేదుగా?" నెల్లూరులో వీధి పిల్లులకు అన్నం పెట్టేవాళ్లు, చెన్నై నుంచి పర్షియన్ కూనను తెచ్చుకున్నవాళ్లు, కావలి, కందుకూరు, ఒంగోలు నుంచి ఫోన్ చేసేవాళ్లు, అందరూ చివరికి అడిగేది ఇదే. లేదంటే, "పాజిటివ్ అన్నారక్కా, ఇంట్లో వాళ్లు తీసుకెళ్లి వదిలేయమంటున్నారు" అని ఏడుస్తూ అడుగుతారు. ఇద్దరికీ నేను చెప్పేది ఒకటే. కిట్ స్ట్రిప్ మీద వచ్చే ఆ గీత ఆ రోజు ఆ శాంపిల్‌లో ఏముందో చెబుతుంది, అంతకు మించి చెప్పదు. దాని వెనక పిల్లి వయసు, వ్యాక్సిన్ తేదీ, శాంపిల్ తీసిన తీరు, కిట్ ఎక్కడ దాచారు అన్నవి కూడా చూస్తేనే దానికి అర్థం.

నేను డాక్టర్ని కాదు. చాలా ఏళ్లుగా పిల్లుల్ని సాకుతూ, క్లినిక్ బల్ల పక్కన వాటిని పట్టుకుని నిలబడి చూసింది, డాక్టర్లను అడిగి తెలుసుకున్నది రాస్తున్నాను. రక్తం తీయడం, పొట్టలో నీరు తీయడం డాక్టరే చేయాలి. మలం శాంపిల్ మాత్రం మీరు తీసుకోవచ్చు, కిట్ కూడా జాగ్రత్తగా చేస్తే ఇంట్లో చేసుకోవచ్చు.

ముందు ఏ లక్షణానికి ఏ టెస్టో చూడండి

అన్ని వైరస్‌లకూ కలిపి ఒకే టెస్ట్ లేదు. "వైరస్ టెస్ట్ చేయండి" అని క్లినిక్‌లో అడిగితే వాళ్ల దగ్గర ఉన్న కిట్ ఏదో అదే చేస్తారు, మీ పిల్లికి కావాల్సింది అది కాకపోవచ్చు.

కూన తిండి మానేసి, వాంతులు చేసుకుంటూ, నీళ్ల గిన్నె దగ్గరే తల వేలాడేసి కూర్చుని తాగకుండా ఉందంటే ముందు అనుమానించాల్సింది ఎఫ్‌పీవీ, అంటే పాన్‌ల్యూకోపీనియా. పిల్లుల పార్వో అని కూడా అంటారు. మోషన్స్ చాలాసార్లు తర్వాత మొదలవుతాయి, కాబట్టి "మోషన్స్ లేవు కదా" అని ఆగకండి. దీనికి మలంతో చేసే కిట్ ఉంది, దాంతో పాటు రక్తంలో తెల్లకణాల లెక్క చూడాలి. ఈ జబ్బులో ఒక్క రోజు ఆలస్యమైనా ప్రాణం మీదికి వస్తుంది.

పెద్ద పిల్లి బరువు తగ్గిపోతోంది, చిగుళ్లు పాలిపోయాయి, జ్వరం వచ్చి పోతోంది, నోట్లో పుండ్లు మానడం లేదు, లేదా రాత్రిళ్లు పోట్లాడి ఒళ్లంతా గాట్లతో వచ్చే మగ పిల్లి, అంటే ఎఫ్‌ఈఎల్‌వీ (పిల్లుల ల్యుకీమియా వైరస్), ఎఫ్‌ఐవీ (పిల్లుల రోగనిరోధక శక్తిని తగ్గించే వైరస్) చూడాలి. రెండూ ఒకే కిట్‌లో వస్తాయి, కొన్ని చుక్కల రక్తం చాలు. కొత్త పిల్లిని ఇంట్లో ఉన్నవాటితో కలిపే ముందు కూడా ఇదే చేయించాలి.

పొట్ట ఉబ్బుతూ వెన్నెముక చేతికి తగిలేలా చిక్కిపోతుంటే, యాంటీబయాటిక్ వాడినా జ్వరం తగ్గకపోతే అది ఎఫ్‌ఐపీ, అంటే పిల్లుల కరోనా వైరస్ మారి తెచ్చే జబ్బు, కావచ్చు. దీన్ని తేల్చే కిట్ అంటూ లేదు, దాని గురించి కింద విడిగా రాశాను. ఇక తుమ్ములు, కళ్ల పుసులు, నాలుక మీద పుండ్లు అంటే ఎక్కువగా హెర్పిస్, కాలిసి వైరస్‌లు. వీటికి చాలాసార్లు టెస్ట్ లేకుండానే వైద్యం చేస్తారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లుల్లో కూడా ఈ వైరస్‌లు దొరుకుతాయి కాబట్టి పాజిటివ్ వచ్చినా పెద్దగా తేలేది ఉండదు, నేనైతే ఆ డబ్బు మందులకు, మంచి తిండికి పెడతాను.

కావాల్సినవి

గడువు దాటని కిట్, చేతి గ్లౌజులు, పాత తువ్వాలు, ఫోన్‌లో టైమర్, పెన్ను, ఒక నోట్‌బుక్, తెల్లటి వెలుతురు. శాంపిల్ బయటికి పంపాలంటే జిప్ కవర్లు, ఐస్ ప్యాకులు, థర్మాకోల్ పెట్టె. మన నెల్లూరులో పెట్టెకు కొదవ లేదు, చేపల మార్కెట్లో అడిగితే ఇస్తారు, శుభ్రంగా కడిగి ఎండబెట్టుకోండి.

పిల్లుల ఎఫ్‌పీవీ కిట్ దొరక్కపోతే కుక్కల పార్వో కిట్ గురించి డాక్టర్ని అడగండి. రెండు వైరస్‌లూ దగ్గరి చుట్టాలు, కుక్కల కిట్లు చాలావరకు పిల్లుల వైరస్‌ని కూడా పట్టుకుంటాయి. చిన్న ఊళ్లలో ఇది పెద్ద ఆసరా.

ఎలా చేయాలి

1. టెస్ట్ కంటే ముందు పిల్లిని వేరే గదిలో పెట్టండి. గిన్నెలు, మట్టి ట్రే, దుప్పటి అన్నీ విడిగా. ఫలితం వచ్చాక వేరు చేద్దాం అనుకుంటే అప్పటికే మిగతావాటికి అంటుకుంటుంది.

2. నోట్‌బుక్‌లో నాలుగు సంగతులు రాయండి: వయసు, చివరి వ్యాక్సిన్ తేదీ, జబ్బు మొదలైన రోజు, ఈ నెలలో ఏ కొత్త పిల్లితో కలిసింది. పేజీ పైన పిల్లి పేరు రాయండి. వ్యాక్సిన్ తేదీ ఎందుకంటే, చాలా ఎఫ్‌పీవీ వ్యాక్సిన్లలో బతికున్న, బలహీనపరిచిన వైరస్ ఉంటుంది. అది వేసిన దాదాపు రెండు వారాల వరకు మలంలో కనిపించి సన్నటి గీత రావచ్చు. ఎఫ్‌ఈఎల్‌వీ వ్యాక్సిన్ వేయించినా దాని కిట్‌కి ఏ అడ్డూ లేదు.

3. కిట్ ఎక్కడ ఉందో కనుక్కోండి. చాలా కిట్ల మీద 2 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచాలని రాసి ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే మన ఎండలకు స్కూటర్ డిక్కీలో, రేకుల షెడ్డులో, కిటికీ పక్కన బీరువా మీద ఆ 30 ఎప్పుడో దాటిపోతుంది. ఫ్రిజ్‌లో ఉన్న కిట్ అయితే కవర్ చించకుండా అరగంట బయట పెట్టి, గది వేడికి వచ్చాకే తెరవండి. చల్లగా ఉండగా చింపితే స్ట్రిప్‌కి చెమ్మ పడుతుంది.

ఈ మూడో మెట్టు నేను తప్పాను కాబట్టే ఇంత చెబుతున్నాను. ఒక మే నెలలో మార్కెట్ దగ్గర దొరికిన చిన్న కూన, నలుపూ తెలుపూ మచ్చలది, చుక్కి అని పిలిచేవాళ్లం. కిట్ మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా డిక్కీలోనే ఉంది. చేస్తే వైరస్ ఉంటే గీత రావాల్సిన టీ దగ్గర ఏమీ లేదు, కిట్ పనిచేసిందని చూపే సీ దగ్గర గీత ఉందా లేదా అన్నట్టు ఉంది. నెగటివ్ అనుకుని ఇంట్లో ఉన్న రెండు కూనలతో కలిపేశాను. ఆ రాత్రికే చుక్కి వాంతులు మొదలుపెట్టింది. పొద్దున్నే క్లినిక్‌కి తీసుకెళితే డాక్టర్ కొత్త కిట్ తీసి చేశారు. రంగు నీళ్లు తెల్ల స్ట్రిప్ మీద పాకుతూ వెళ్లి, మూడు నిమిషాలు కూడా కాకముందే రెండు ఎర్రటి గీతలు పక్కపక్కన నిలబడ్డాయి. చుక్కి బతికింది. ఇంట్లో ఉన్న రెండింట్లో ఒకటి బతకలేదు. అది పోయిన గదిలోకి ఇప్పటికీ కొత్త కూనను తీసుకెళ్లను.

4. శాంపిల్ తీయండి. మలం తాజాగా ఉండాలి, మట్టి అంటని చోటు నుంచి తీసుకోవాలి. మలం రాకపోతే కిట్‌లో ఇచ్చిన పుల్లతో లోపలి నుంచి తీయాలి, ఇది డాక్టర్ చేత చేయించడమే మంచిది. ఎక్కువ తీసుకుంటే బాగా తెలుస్తుందని చాలామంది పుల్ల నిండా ముద్దలా తీస్తారు. అలా తీస్తే స్ట్రిప్ పూడుకుపోయి నీరు ముందుకు పాకదు. పుల్ల చివర పల్చగా అంటితే చాలు. కిట్‌తో వచ్చే బఫర్ నీళ్లలో బాగా కలిపి, ఒక నిమిషం నిలకడగా పెట్టి, పైన తేరిన నీళ్లే వాడండి.

పిల్లిని పట్టుకునేటప్పుడు తువ్వాల్లో మెడ దాకా చుట్టండి, ముఖం మాత్రం బయట ఉండాలి. కరిచినా, గీరినా వెంటనే సబ్బుతో, పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి రేబిస్ ఇంజెక్షన్ సంగతి అడగండి. ఎఫ్‌పీవీ, ఎఫ్‌ఈఎల్‌వీ, ఎఫ్‌ఐవీ మనుషులకు రావు, రేబిస్ వస్తుంది. పిచ్చిగా మీద పడుతూ, చొంగ కారుస్తూ ఉన్న పిల్లికి ఏ కిట్టూ ప్రయత్నించకండి, బతికున్న పిల్లిలో రేబిస్‌ని తేల్చే ఇంటి టెస్ట్ లేదు. దాన్ని ముట్టుకోకుండా గదిలో మూసి పశువుల ఆసుపత్రికి ఫోన్ చేయండి.

5. చుక్కలు లెక్కపెట్టి వేయండి. మూడు అని రాసి ఉంటే మూడే, బుడగలు రాకుండా. బల్ల సమంగా ఉండాలి, స్ట్రిప్ ఏటవాలుగా ఉంటే నీరు ఒక పక్కకే పోతుంది. చివరి చుక్క పడగానే టైమర్ నొక్కండి.

6. కిట్ కాగితంలో చెప్పిన నిమిషానికి చదవండి. చాలా కిట్లలో 5 నుంచి 10 నిమిషాలు ఉంటుంది. మీ కిట్‌లో ఎంత రాస్తే అంతే లెక్క. ఆ నిమిషానికి ఫోటో తీసి, స్ట్రిప్ మీద టైమ్ రాయండి. అరగంట తర్వాత ఆరిపోయిన స్ట్రిప్ మీద బూడిద రంగు నీడ కనిపిస్తే దాన్ని లెక్కలోకి తీసుకోకండి. నాకొచ్చే ఫోటోల్లో చాలావరకు రాత్రి చెత్తబుట్టలోంచి తీసి పంపినవే, వాటిని చూసి నేనేమీ చెప్పలేను.

గీత చదవడం

సీ అన్న చోట గీత స్పష్టంగా రాకపోతే ఆ కిట్ చెల్లదు. టీ దగ్గర ఏమున్నా లేకపోయినా చెల్లదు, కొత్తది చేయాల్సిందే. సీ ఉండి, టీ దగ్గర రంగున్న గీత ఎంత సన్నగా ఉన్నా దాన్ని పాజిటివ్ గానే తీసుకుని పిల్లిని వేరుగా ఉంచండి, తర్వాత నిర్ధారించుకోండి. ట్యూబ్ లైట్ కింద కనిపించని సన్నటి గీత పగటి వెలుతురులో కిటికీ దగ్గర కనిపిస్తుంది. సందేహం ఉంటే ఇంకొకరికి ఏమీ చెప్పకుండా స్ట్రిప్ చూపించి, ఎన్ని గీతలున్నాయని అడగండి. మనం భయపడుతున్నప్పుడు లేని గీతలు కూడా కనిపిస్తాయి, మొండిగా ఆశపడుతున్నప్పుడు ఉన్నవి కూడా కనిపించవు.

నెగటివ్ వస్తే

ఎఫ్‌పీవీ కిట్ పాజిటివ్ వస్తే, ఈమధ్య వ్యాక్సిన్ పడకపోతే, దాదాపు నమ్మవచ్చు. నెగటివ్‌ని మాత్రం నమ్మలేం. మలంలోకి వైరస్ కొద్ది రోజులే వస్తుంది, అది కూడా అన్ని రోజులూ సమానంగా రాదు. అందుకే కూన వాంతులతో వాడిపోయి ఉంటే, కిట్ నెగటివ్ అయినా సీబీసీ, అంటే రక్తకణాల లెక్క, చేయించండి. ఆరోగ్యంగా ఉన్న పిల్లికి తెల్లకణాలు మైక్రోలీటర్‌కు సుమారు 5,500 నుంచి 19,500 ఉంటాయి. అవి రెండు వేల కిందికి పడిపోయి, పిల్లి అలా ఉందంటే కిట్ ఏం చెప్పినా డాక్టర్లు ఎఫ్‌పీవీ అనే వైద్యం మొదలుపెడతారు. మొదటి రోజు మామూలుగా ఉన్న లెక్క మర్నాటికి పడిపోవచ్చు కాబట్టి అనుమానం ఉంటే మళ్లీ చూడాలి.

సీబీసీ గురించి ఒక మాట. పెట్ ల్యాబ్ లేని ఊళ్లలో రక్తం మనుషుల ల్యాబ్‌కి పంపుతారు. మనుషులకు సెట్ చేసిన మెషిన్‌లో పిల్లి లెక్కలు తప్పుతాయి. పిల్లి ఎర్రకణాలు చిన్నవి, ప్లేట్‌లెట్లు గుంపులు కడతాయి, మెషిన్‌కి రెండిటికీ తేడా తెలియదు. "ప్లేట్‌లెట్లు 20 వేలే ఉన్నాయి" అని కంగారుగా ఫోన్ చేసిన వాళ్లను ఎంతమందిని చూశానో. గాజు పలక మీద రక్తపు చుక్క రాసి మైక్రోస్కోపులో చూడమని డాక్టర్ని అడగండి. తెల్లకణాలు బాగా తగ్గాయా లేదా అన్నది ఆ పలక మీద ఒక అంచనాకు తెలిసిపోతుంది.

ఎఫ్‌ఈఎల్‌వీ నెగటివ్ అయితే, జబ్బున్న పిల్లితో చివరిసారి కలిసిన రోజు నుంచి కనీసం 30 రోజులు ఆగి మళ్లీ చేయాలి. ఎఫ్‌ఐవీకి 60 రోజులు, ఎందుకంటే ఆ కిట్ చూసేది వైరస్‌ని కాదు, దాని మీద ఒంట్లో తయారైన యాంటీబాడీలను. అవి తయారవడానికి టైమ్ పడుతుంది. ఆ తేదీని ఇప్పుడే ఫోన్‌లో అలారం పెట్టుకోండి, లేకపోతే పిల్లి హుషారుగా కనిపించగానే మర్చిపోతారు.

పాజిటివ్ వస్తే

దయచేసి ఒక్క గీత చూసి పిల్లిని ఎక్కడో వదలకండి, ఇంజెక్షన్‌తో శాశ్వతంగా నిద్రపుచ్చే మాట అసలు ఎత్తకండి.

ఆరు నెలల లోపు కూనకు ఎఫ్‌ఐవీ పాజిటివ్ వస్తే, అది తల్లి పాలతో వచ్చిన యాంటీబాడీలు కావచ్చు. ఆరు నెలలు దాటాక మళ్లీ చేయించండి, చాలా కూనలు అప్పటికి నెగటివ్ అవుతాయి. ఎఫ్‌ఈఎల్‌వీ కిట్ వైరస్ ముక్కనే వెతుకుతుంది కాబట్టి కూనలకు ఏ వయసులోనైనా చేయవచ్చు, తల్లి యాంటీబాడీలు దానికి అడ్డు రావు. కానీ పైకి ఆరోగ్యంగా ఉన్న పిల్లికి పాజిటివ్ వస్తే వేరే కంపెనీ కిట్‌తోనో, పీసీఆర్‌తోనో (వైరస్ జన్యు పదార్థాన్ని వెతికే ల్యాబ్ టెస్ట్) ఖాయం చేసుకోవాలి. కొన్ని పిల్లుల ఒళ్లు వైరస్‌ని అణిచేస్తుంది, కొన్ని వారాల తర్వాత అదే కిట్ నెగటివ్ చూపవచ్చు.

నిజంగానే ఉందని తేలినా బతుకు అయిపోయినట్టు కాదు. ఎఫ్‌ఐవీ ఉన్న పిల్లులు జాగ్రత్తగా చూసుకుంటే ఏళ్లు బతుకుతాయి. ఎఫ్‌ఐవీ ముఖ్యంగా లోతైన కాట్ల వల్ల అంటుతుంది, మగ పిల్లికి ఆపరేషన్ చేయించి ఇంట్లో ఉంచితే పోట్లాటలే తగ్గిపోతాయి. ఎఫ్‌ఈఎల్‌వీ ఒకదాన్నొకటి నాక్కోవడం, ఒకే గిన్నెలో తినడం, తల్లి పాలు, కాట్ల వల్ల వస్తుంది కాబట్టి దాన్ని మిగతా వాటికి వేరుగా ఉంచాలి.

లాలాజలంతో చేస్తామని ఎవరైనా అంటే వద్దనండి. ఈ రెండు వైరస్‌లకూ రక్తమే నమ్మదగినది.

ఎఫ్‌ఐపీ సంగతి

"కరోనా యాంటీబాడీ పాజిటివ్, అంటే ఎఫ్‌ఐపీ" అని రిపోర్టు పట్టుకుని వచ్చే వాళ్లు ఎక్కువయ్యారు. పిల్లుల కరోనా వైరస్ ఎన్నో పిల్లుల పేగుల్లో ఉంటుంది, వాటిలో కొద్ది వాటికే అది మారి ఎఫ్‌ఐపీ అవుతుంది. కాబట్టి యాంటీబాడీ పాజిటివ్ అయినా, మలంలో పీసీఆర్ పాజిటివ్ అయినా ఎఫ్‌ఐపీ అని అర్థం కాదు.

డాక్టర్లు రెండు మూడు ఆధారాలు కలిపి చూస్తారు. ఒకటి, రక్తంలో ఆల్బుమిన్, గ్లోబులిన్ అనే ప్రోటీన్ల నిష్పత్తి. 0.4 కంటే తక్కువైతే అనుమానం బలపడుతుంది, 0.8 కంటే ఎక్కువైతే చాలావరకు కాదు. రెండు, పొట్టలోంచి తీసిన నీరు. ఎఫ్‌ఐపీలో అది పసుపుగా, వేళ్ల మధ్య గుడ్డు తెల్లసొనలా సాగుతుంది.

ఆ నీటితో క్లినిక్‌లోనే చేసే పాత టెస్ట్ ఒకటుంది, రివాల్టా అంటారు. మీ డాక్టర్ దగ్గర కిట్లు లేకపోయినా ఇది చేయొచ్చు, అడగండి. గాజు గొట్టంలో 8 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ పోసి, గాఢమైన అసిటిక్ యాసిడ్ ఒక చుక్క వేసి బాగా కలిపి, పొట్ట నీటి చుక్క ఒకటి మెల్లగా పైన వదలాలి. చుక్క నీళ్లలో కరిగిపోయి నీరు తేటగానే ఉంటే నెగటివ్. ముద్దగా పైనే వేలాడినా, ఆకారం చెదరకుండా మెల్లగా కిందికి దిగినా పాజిటివ్. నెగటివ్‌కి విలువ ఎక్కువ. పాజిటివ్ మాత్రం పొట్టలో బ్యాక్టీరియా చీము పట్టినా, లింఫోమా అనే క్యాన్సర్ ఉన్నా రావచ్చు, అందుకని ఆ నీటిలో కణాలు కూడా చూడాలి.

ఒకప్పుడు ఎఫ్‌ఐపీ అంటే చావే అనేవారు. ఇప్పుడు జీఎస్-441524 మందుతో, మామూలుగా 84 రోజుల కోర్సుతో ఎన్నో పిల్లులు కోలుకుంటున్నాయి. అందుకే తొందరగా సరిగ్గా తేల్చుకోవడం ఇంత ముఖ్యం.

ఫలితం కోసం చూస్తూ చేయకూడనివి

జ్వరం ఉందని పారాసిటమాల్ ముక్క పెట్టకండి. పిల్లికి అది విషం, చిన్న ముక్కైనా ప్రాణం తీస్తుంది. పిల్లికి 38 నుంచి 39.2 డిగ్రీల వరకు మామూలు వేడే, మన చేతికి కాస్త వెచ్చగానే తగులుతుంది.

గది ఫినాయిల్‌తో తుడవకండి. అది పిల్లులకు హాని, పైగా ఎఫ్‌పీవీ దానికి చావదు. బట్టలకు వాడే లిక్విడ్ బ్లీచ్ ఒక వంతుకు 30 వంతుల నీళ్లు కలిపి, ముందు మురికి సబ్బుతో కడిగాక, ఈ నీళ్లు పోసి 10 నిమిషాలు తడిగా ఉంచి, మళ్లీ మంచినీళ్లతో కడిగి, ఆరాకే పిల్లిని వదలండి. ఈ వైరస్ ఇంట్లో ఏడాది దాకా బతకగలదు, వ్యాక్సిన్ పూర్తికాని కూనను ఆ గదిలోకి తేవద్దు.

శాంపిల్ బయటికి పంపాలంటే

పీసీఆర్ మన దగ్గర దొరకకపోతే నెల్లూరు వాళ్లకు తిరుపతి వెటర్నరీ కాలేజీ, చెన్నై వేపేరిలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీ దగ్గర. ఒంగోలు వైపు వాళ్లకు గన్నవరం కాలేజీ ఉంది. వెళ్లే ముందు ఫోన్ చేసి మీకు కావాల్సిన టెస్ట్ చేస్తున్నారో లేదో, ఏ శాంపిల్ కావాలో అడగండి. ప్రైవేట్ ల్యాబులకు అయితే మీ డాక్టర్ ద్వారానే పంపించండి.

పీసీఆర్‌కి రక్తం ఊదా మూత ఉన్న ట్యూబ్‌లో ఉండాలి. పచ్చ మూత ట్యూబ్‌లో ఉండే హెపారిన్ పీసీఆర్‌ని చెడగొడుతుంది. రక్తం పోయగానే ట్యూబ్‌ని ఎనిమిది పది సార్లు మెల్లగా తలకిందులు చేయండి, గిలకొట్టకండి. గడ్డ కట్టిన రక్తం, ఫ్రీజర్‌లో పెట్టిన రక్తం పనికిరావు. కంటి నుంచి పుల్లతో తీస్తే కంట్లో చుక్కల మందు వేయకముందే తీయాలి. ట్యూబ్ మీద పిల్లి పేరు, తేదీ రాసి, జిప్ కవర్లో పెట్టి, పేపర్లో చుట్టి, ఐస్ ప్యాక్‌కి నేరుగా తగలకుండా థర్మాకోల్ పెట్టెలో సర్దండి. బస్సులో పంపేటట్టయితే రాత్రి సర్వీసు చూసుకోండి. శనివారం మాత్రం పంపకండి, ఆదివారం ల్యాబ్ మూసి ఉంటే సోమవారం దాకా ఆ పెట్టె ఎక్కడ ఎండుతుందో ఎవరికీ తెలియదు.